ఆవులకి నీళ్లెవురు పోస్తారు?

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: చర్చి నుంచి వచ్చి తెల్లపంచె కూడా మార్చుకోకుండా వసారాలో కూర్చున్న నాయన మునిచంద్ర; పొయ్యి మీద కోడికూర ఉడుకుతుంటే పులుసు చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూస్తున్న అమ్మ కృపారాణి; సూళ్లూరుపేట నుంచి బండి మీద వచ్చిన చిన్నాయన రవిచంద్ర, ఆయన భార్య చంద్రిక, ఆమె చంకలో ఇంకా నడక రాని పిల్లవాడు; గడపకు ఆనుకుని కాళ్లు చాపి, వాచిన మోకాలికి ఆముదం రుద్దుకుంటున్న అవ్వ సంతోషమ్మ. వీళ్లు కాక, ఆ ఇంటి కూతురు నిస్సీ. ఆ పిల్ల ఇంట్లో ఉన్నట్టు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే తెలుస్తుంది. ఇంటి వెనక కొట్టంలో కట్టేసిన మూడు ఆవుల్నీ, ఒక పెయ్యదూడనూ కూడా ఇంటి మనుషుల్లో కలపాలి. లేకపోతే అవ్వ ఊరుకోదు.

ఆ రోజు కొట్టంలో నిస్సీ కట్టిన కొత్త తొట్లలోకి మొదటిసారి నీళ్లు వదలాలి.

నిస్సీ పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికేది పక్కన కూర్చున్న పిల్లకు మాత్రమే వినపడేది. చర్చిలో పాస్టరమ్మ వాక్యం చెప్పమని లేపితే, అది కంఠతా వచ్చిన వాక్యమే అయినా, తల దించుకుని నిలబడేది. ఆమె మాటలన్నీ అవ్వతోనే. అవ్వ గదిలోనే, అవ్వ పక్కనే పడుకునేది. మిగతావాళ్లకు ఏదైనా చెప్పాలంటే చేసి చూపించడమే ఆమెకు తేలిక. అమ్మకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఎలా ఉందని అడగదు, అంట్లు తోమేసి వెళ్లిపోతుంది.

అవ్వ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవులకు నీళ్లు మోస్తూనే ఉంది. బోరు చేను మూలన ఉంది, కొట్టం ఇంటి వెనక ఉంది. సత్యవేడు వైపు ఎండల సంగతి తెలిసిందే. జెర్సీ ఆవులకు వేడి ఎక్కితే బిందె మీద బిందె పోసినా చాలదు. పొద్దున మోటరు వేసిన దగ్గర నుంచి పొద్దుగూకే దాకా అవ్వ నడుం మీద ప్లాస్టిక్ బిందె దిగేది కాదు. ఊరికే పోసేది కూడా కాదు. గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు వేసి, చెయ్యి ముంచి చూసి, నీళ్లు ఎండకు కాగి ఉంటే ఇంకో బిందె చల్లటివి తెచ్చి కలిపేది. ప్రతి ఆవుకూ ఒక పలకరింపు ఉండేది. నల్లావు అలిగే రకం, దాని గంగడోలు గీరితే గానీ మూతి ముంచదు.

ఈస్టరు అయిన కొద్ది రోజులకు బోరు దగ్గర బురదలో కాలు జారి అవ్వ పడింది. ఎముక విరగలేదు గానీ మోకాలు గుమ్మడికాయంత అయింది. నాలుగు రోజులు మంచం మీద ఉండి, అయిదో రోజు కుంటుకుంటూ బిందె పట్టుకుంది.

"పండుకో అవ్వా, నేను పోస్తా గదా," అంది నిస్సీ.

"నువ్వు పోస్తే తాగతాయా అవి? నన్ను అడగతా ఉండాయి మే, వినపళ్లా?" అంది అవ్వ.

నిస్సీకి ఆ రోజు నాయన మీద కోపం వచ్చింది. ఎందుకంటే, చిన్నాయన అవ్వను తన దగ్గరికి పంపమని అడగడం ఇవాళ్టిది కాదు. పిల్లవాడు పుట్టినప్పుడు అడిగాడు, క్రిస్మస్‌కు వచ్చినప్పుడు అడిగాడు, ఈస్టరుకు ఫోన్ చేసి అడిగాడు. అడిగిన ప్రతిసారీ నాయనది ఒకటే జవాబు: "అమ్మ ఆడికొచ్చేస్తే ఈడ ఆవులకి నీళ్లెవురు పోస్తారు?" ముసలామెను ఆవులకు నీళ్ల కోసం అట్టిపెట్టుకున్నాడే అని నిస్సీ లోలోపల కుమిలిపోయేది. ఆ మాట నాయనతో అనే ధైర్యం ఆమెకు లేదు. అందుకని తొట్లు కట్టడం మొదలుపెట్టింది.

ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందంటే, చర్చికి ప్రహరీ కడుతున్నప్పుడు మేస్త్రీ మునిశేఖర్ సన్నటి గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస ఈ మూల, ఇంకో కొస ఆ మూల పట్టించి మట్టం చూశాడు. గొట్టం ఎన్ని వంకర్లు తిరిగినా రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తులో నిలబడ్డాయి. అదే లెక్కన నాలుగు తొట్లను అడుగున ఒక పైపుతో కలిపేస్తే, ఒక తొట్టిలో నీళ్లు ఎంత ఎత్తుంటే మిగతా మూడింట్లోనూ అంతే ఉంటాయి. ఒకచోట నీళ్లు ఆపగలిగితే నాలుగుచోట్లా ఆగుతాయి. ఆవు ఎంత తాగితే అంత మళ్లీ వస్తుంది.

పాత నీలం డ్రమ్ములు రెండింటిని హాక్సా బ్లేడుతో నిలువుగా కోసి నాలుగు తొట్లు చేసింది. ఇనప కడ్డీ కాల్చి బొక్కలు పెట్టింది. అంచులు ఆవుల మూతికి గీరుకోకుండా సైకిలు ట్యూబు చీల్చి తొడిగింది. కొట్టం పక్కన రాతికూసాలు స్తంభాల్లా నిలబెట్టి, వాటి మీద బండ పరిచి, బండ మీద ఇంకో డ్రమ్ము ఎక్కించింది. బోరు పైపును రెండు దారులుగా చీల్చే 'టీ' ముక్క ఒకటి వేసి ఆ డ్రమ్ముకు కలిపింది. కూసాలు ఎత్తడానికి నాయన వచ్చాడు. సత్యవేడు నుంచి పైపులు, వాటిని అతికించే సొల్యూషను డబ్బా తెచ్చిపెట్టింది కూడా ఆయనే. ఇదంతా దేనికని ఒక్కసారీ అడగలేదు. "పిల్లకి సెలవుల్లో పొద్దు పోవాల గదా" అని అమ్మతో అన్నాడు. అది పనిచేస్తుందని ఆయన అనుకోలేదు.

నీళ్లు ఆపే కిటుకంతా గోడ పక్కన, తొట్ల పైపుకే కలిపి పెట్టిన చిన్న పెట్టెలో ఉంది. నీళ్లు పైకి లేచే కొద్దీ తేలే ఒక ప్లాస్టిక్ బుడ్డ, దానికొక కాడ. బుడ్డ ఎత్తుకు లేస్తే కాడ డ్రమ్ము నుంచి వచ్చే నీటి దారి మూస్తుంది. ఆవులు దాన్ని నాకి లాగేయకుండా పెట్టె మీద నాపరాయి ముక్క మూతగా పెట్టింది.

ఆ ఆదివారం చిన్నాయన ఆ మూత ఎత్తి చూసి పకపకా నవ్వాడు.

"ఇది లెట్రిన్ తొట్టిలో ఉండే బుడ్డ గదమ్మే! ఇంక మన ఆవులు ఫ్లష్ కొట్టుకోని తాగతాయా?"

"అన్నం తినే పొద్దులో అవేం మాటలబ్బా," అంది అమ్మ వంటింట్లోంచి.

"కాదు వదినా, రేపట్నించి ఆవులు మనల్ని బాత్రూముకి గూడా అడిగేదానికి సిగ్గుపడవు, సూడు."

నాయన కూడా నవ్వాపుకోలేకపోయాడు. నిస్సీ డ్రమ్ము కింది గేట్‌వాల్వు తిప్పింది.

మొదట పైపులో గాలి గురకపెట్టింది. తర్వాత మొదటి తొట్టి అడుగున నీళ్లు మెరిశాయి. రెండో దాంట్లో, మూడో దాంట్లో, పెయ్యదూడ ముందున్న నాలుగో దాంట్లో. నాలుగింట్లోనూ నీళ్లు ఒకేసారి, ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు పైకి లేచాయి. జానెడు ఎత్తుకు రాగానే పెట్టెలో చిన్న చప్పుడై ఆగిపోయాయి.  చంద్రిక చంకలో పిల్లవాడు నీళ్లవైపు చేతులు చాపి కేరింతలు కొట్టాడు.

ఆవులు నీళ్లను వాసన చూసి మొహాలు పక్కకు తిప్పుకున్నాయి. నల్లావు మెడ వెనక్కి తిప్పి అవ్వ కోసం చూసింది. అవ్వ ఎప్పుడు లేచిందో, నడుం మీద ఖాళీ బిందెతో అక్కడే నిలబడి ఉంది. బిందె కింద పెట్టి, తొట్టిలో చెయ్యి ముంచి, నల్లావు గంగడోలు గీరి, "దా తల్లీ, తాగు. నా మనవరాలు పోసిన నీళ్లే," అంది. ఆవు మూతి ముంచి గటగటా తాగింది. తొట్టిలో నీళ్లు తగ్గగానే పెట్టెలో బుడ్డ కిందికి వాలి, మళ్లీ నీళ్లు వచ్చాయి.

నాయన దగ్గరికొచ్చి పెట్టె మూత తీసి చూశాడు. వేలితో బుడ్డను నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. ఆయనకు చదువుకున్న కొడుకు లేడని ఊళ్లో అనేవాళ్లున్నారు. వాళ్లందరినీ ఇప్పుడే పిలుచుకొచ్చి చూపిద్దామన్నట్టు ఉంది ఆయన మొహం.

"యబ్బా! ఇంజనీరమ్మ అయిపొయినాది మా పాప," అన్నాడు చిన్నాయన. "అమా, ఇంక నీకు రెస్టే."

అవ్వ నవ్వింది. కింద పెట్టిన బిందెను తీసుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు కాసేపు పట్టుకునే ఉంది.

*

ప్రార్థన చేసుకుని అందరూ అన్నాలకు కూర్చున్నారు. కూర బాగుందని చంద్రిక అంది, చారు ఇంకొంచెం వేయమని చిన్నాయన అన్నాడు. ఆ తర్వాత పళ్లెంలోంచి తలెత్తి, చాలా మామూలుగా, "అన్నా, ఇంక అమ్మను పిల్చుకోని పోతాం," అన్నాడు.

నిస్సీ చేతిలో ముద్దను పళ్లెంలో పెట్టేసింది.

"మేమిద్దరం షిఫ్టుకి పోతే పిల్లోన్ని సూసుకునేదానికి ఎవురూ లేరు అత్తా," అంది చంద్రిక అవ్వవైపు తిరిగి. ఆమె గొంతులో అడుక్కుంటున్నట్టు ఉంది. "పక్కింటామె దగ్గిర పెడతా ఉంటిమి. ఆమె ఇంక నా వల్ల గాదనేసింది. కంపెనీలో లీవులన్నీ అయిపొయినాయి. నేను మానుకుంటే ఇంటి బాడిగ గూడా కట్టలేం."

"నువ్వెప్పుడడిగినా ఆవులకి నీళ్లెవురు పోస్తారంటా ఉంటివి గదన్నా," అన్నాడు చిన్నాయన. "ఇప్పుడా తిప్పలు లేదు. దేవుడే పాపకి ఈ తెలివి ఇచ్చినాడు అనుకో."

ఎప్పుడూ వచ్చే జవాబు కోసం అందరూ చూశారు. ఆ జవాబు లేదు. నాయన చెయ్యి పళ్లెం మీద, ముద్ద కలిపిన వేళ్లతో, అలాగే ఆగిపోయింది. ఆయన ఏదో వెతుక్కుంటున్నట్టు చారు గిన్నె వైపు, నీళ్ల చెంబు వైపు చూశాడు. చివరికి అవ్వ మొహం చూడకుండా, "నీ ఇష్టం మా," అన్నాడు.

అవ్వ చాలాసేపు నాయన వైపే చూసింది. ఇంకేమైనా అంటాడేమో అని చూసింది. 

"నాదేముండాది నాయనా," అంది. "యాడుండమంటే ఆడుంటా."

"వచ్చే ఆదివారం కారు మాట్లాడుకోని వస్తా. బండి మీద మోకాలికి కష్టం," అన్నాడు చిన్నాయన సంతోషంగా.

అమ్మ లేచి అందరి పళ్లేల్లో కూర వడ్డించింది. అడగని వాళ్లకు కూడా వడ్డించింది.

నిస్సీ నాయన చేతినే చూస్తూ కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట విని ఆయనకు ఆవుల మీద తప్ప ఇంకో ధ్యాస లేదనుకుంది. నిజానికి ఆయనకు అవ్వను పంపడం ఇష్టం లేదు. ఆ సంగతి తమ్ముడితో, అందులోనూ చిన్నపిల్లవాడు చంకలో ఉన్న మరదలి ముందు, చెప్పలేక ఆవుల మాట చెబుతూ వచ్చాడు. అవ్వకూ పోవడం ఇష్టం లేక అదే మాటను పట్టుకుని ఉంది. చిన్నాయన కూడా ఆ మాటకే ఇన్నాళ్లూ తగ్గి వెళ్లిపోతూ వచ్చాడు. ముగ్గురి మధ్యా ఆ మాట గోడలా నిలబడి అవ్వను ఇంట్లో ఉంచింది. నిస్సీ హాక్సా బ్లేడుతో కోసింది డ్రమ్ములు ఒక్కటే కాదు.

*

ఆ వారమంతా ఇంటికి జనం వస్తూనే ఉన్నారు. తొట్లు చూసి, బుడ్డను వేలితో నొక్కి, ముక్కు మీద వేలేసుకుని పోయారు. ఎదురింటి నాగవేణి అయితే అవ్వ పక్కన చతికిలపడి, "నీ మనవరాలు నిన్ను మహారాణిని సేసేసినాది గదత్తా! కాలు మీద కాలేసుకోని కూసో ఇంక. మా ఇంట్లో ఉండే పిల్లకి సెల్ ఫోన్ తప్ప ఏం రాదు," అంది.

"కూసోనే ఉండా గదమ్మా," అంది అవ్వ.

కానీ కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. పొద్దున లేవగానే బిందె దగ్గరికి పోయేది. తొట్ల దాకా వచ్చి అవి నిండుగా ఉండడం చూసి ఆగిపోయేది. ఒకసారి బిందె నింపుకుని వచ్చేసింది కూడా.

"నిండే ఉండాయి గదత్తా, యాడ పోస్తావు?" అంది అమ్మ. అమ్మ ఆ మాట మెత్తగానే అంది.

అవ్వ ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసింది. చెట్టుకు అప్పటికే తడి ఉంది. పేడ ఎత్తబోతే మోకాలు అన్నారు, కసువు కోయబోతే ఎండ అన్నారు. సాయంత్రాలు కొట్టం ముందర రాతి మీద కూర్చుని, ఆవులు వాటంతటవే తాగుతుంటే చూసేది. నల్లావు రెండు రోజులు మెడ తిప్పి చూసింది. మూడో రోజు నుంచి చూడలేదు.

"ఏమ్మే," అని అడిగింది ఒక సాయంత్రం, "పేటలో మీ సిన్నాయన ఇల్లు మిద్దె మీద అంట గదా. కిటికీలోంచి ఏం కనపడతాది?"

"రైలు కనపడతాది అవ్వా. మద్రాసు పొయ్యే రైళ్లు."

"రైలు మంచిదే," అంది అవ్వ. ఆవుల వైపు తిరిగింది. "ఎంతసేపు సూస్తాం రైలును?"

పోవద్దని చెప్పడానికి అదే అదను. నిస్సీకి తెలుసు. ఒక్క మాటే, పెద్ద మాట కూడా కాదు. అవ్వతో ఏ మాటైనా చెప్పగలిగే నిస్సీకి ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. చెబితే చంద్రిక చిన్నమ్మ పిల్లవాడి సంగతి గుర్తొస్తుంది. చెబితే ఇదంతా తాను చేసిందే కదా అన్న మాట వస్తుంది. లేచి లోపలికి పోయి, అవ్వ మోకాలికి ఆముదం తెచ్చి రుద్దింది.

నాయన దగ్గరికి కూడా పోయింది. ఆయన నల్లావు పొదుగు కింద కూర్చుని పాలు పిండుతున్నాడు. నిస్సీ పక్కన నిలబడింది.

"ఏమ్మే?"

"ఏం లేదు నాయనా."

పాల ధార బక్కెట్లో చప్పుడు చేస్తూ ఉంది. నాయన, నిస్సీతో కాదు, ఆవు పొదుగుతో అన్నట్టు, "నేనింక ఏం సెప్పేది వానికి," అన్నాడు.

ఆ మాట నిస్సీ మనసులో పడిపోయింది. చెప్పడానికి ఏదైనా ఉంటే నాయన చెబుతాడు. చెప్పడానికి ఏదో ఒకటి చేసిపెట్టాలి.

శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు కొట్టంలోకి పోయింది. నాపరాయి మూత పక్కకు జరిపి, బుడ్డ కాడను పైకెత్తి, ఒక గుడ్డపేలికతో పైపుకు కట్టేసింది. ఇక తొట్లలో నీళ్లు తగ్గినా కొత్తవి రావు. మూత మళ్లీ పెట్టేసి, పెయ్యదూడ నుదురు నిమిరి, "కొంచెం ఓర్సుకో," అంది. అది ఏమీ తెలియక ఆమె చెయ్యి నాకింది.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. పొద్దు వాలకముందే తొట్లు అడుగంటాయి. ముందు పెయ్యదూడ అరిచింది. తర్వాత ఆవులు మూడూ ఎత్తుకున్నాయి.  నిస్సీ పోయి కట్టు విప్పేద్దామని లేచింది కూడా.

అంతలో అవ్వ లేచింది. ఎవరూ చెయ్యి అందించకుండా, గోడ పట్టుకోకుండా లేచింది. కొట్టంలోకి పోయి తొట్లు చూసి, "అయ్యో నా తల్లులారా, గుక్కెడు నీళ్లు లేకండా పొయినాయే!" అంటూ బిందె చేతికి తీసుకుంది.

"అత్తా, ఆగు, నేను తెస్తా. మోకాలు..." అంది అమ్మ పరిగెత్తి వచ్చి.

"పక్కకి జరుగు మే కృపా! గొడ్లు నోరు తెరుసుకోని అరస్తా ఉంటే మోకాలంట మోకాలు!"

బోరు నుంచి కొట్టానికి, కొట్టం నుంచి బోరుకు, ఆ కుంటి కాలుతోనే, నడుం మీద బిందె తొణక్కుండా అవ్వ నడిచింది. నిస్సీ ఇంకో బిందె తీసుకుని వెనకే నడిచింది. అవ్వ తవుడు తెమ్మంది, ఉప్పు తెమ్మంది, పెద్దావును తిట్టింది, నల్లావును బతిమాలింది. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు అంటుకున్నాయి. "సూసినావా, ఎట్ల తాగతా ఉండాయో," అని నిస్సీ వైపు చూసి నవ్వినప్పుడు ఆమె పైపన్ను ఒకటి లేకపోవడం కూడా అందంగా కనిపించింది. ఆ వారంలో అవ్వ అలా నవ్వడం అదే మొదలు.

పాలకేంద్రం నుంచి నాయన వచ్చేసరికి ఆవులు చల్లబడ్డాయి. అమ్మ సంగతి చెప్పింది. ఆయన పైన డ్రమ్మును తట్టి చూశాడు, నిండుగా ఉంది. పెట్టె దగ్గర కూర్చుని మూత ఎత్తాడు. ఎత్తి, కదలకుండా ఉండిపోయాడు. నిస్సీ బిందెను గట్టిగా పట్టుకుంది. నాయన తల తిప్పి ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మూత ఎలా ఉన్నదో అలా పెట్టేసి, లేచి, జేబులోంచి ఫోన్ తీశాడు.

"రవీ, రేపు కారు మాట్లాడొద్దులే అబ్బా. ఆ తొట్లు పని చెయ్యలా... యాడనో అడ్డం పడినట్టుండాది. మేస్త్రీకి సూపియ్యాల. అమ్మ లేకపోతే ఈడ జరగదు... అట్లే లే, సూస్తాం." గబగబా చెప్పి పెట్టేశాడు. ఆయనకు అబద్ధం చెప్పడం అలవాటు లేదు, చెవులు ఎర్రబడ్డాయి.

నిస్సీకి ఊపిరి ఆడింది. ఒక్క క్షణమే.

అవ్వ బిందె దించి, చేతులు చీరకు తుడుచుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చింది. "అడ్డం పడిందా? నిన్న దాంక బాగనే పొయినాది గదా," అంటూ వంగి మూత జరిపింది. లోపల గుడ్డపేలిక కనిపించింది. అది ఆమె పాత చీర అంచే. మోకాలికి కట్టు కట్టడానికి నిస్సీ చింపి పెట్టుకున్న ముక్క.

అవ్వ నడుం నిలబెట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది. నిస్సీని చూసింది. నాయనను చూసింది.

"నీకు తెలుసా రా?"

నాయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"తెలిసే వానికి అట్ల సెప్పినావా?" అవ్వ గొంతు పెరగలేదు. "నీళ్లు మోసేదానికేనా రా నన్ను పెట్టుకునేది?"

"అది గాదు మా..."

"మరేంది? సెప్పు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆవు మెడ మీద పెట్టాడు. ఇంత మనిషి, ఊళ్లో పంచాయతీ జరిగితే నలుగురికీ నచ్చజెప్పే మనిషి, కన్నతల్లి ముందర మాట దొరక్క నిలబడ్డాడు. చివరికి, "ఆవులకి నువ్వంటే అలవాటు గదా మా," అన్నాడు.

అవ్వ మెల్లగా తలూపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"అవును," అంది. "ఆవులకి అలవాటే."

వంగి, ముడి విప్పింది. నీళ్లలో నానిన ముడి వెంటనే రాలేదు. నిస్సీ సాయం చేయబోతే చెయ్యి పక్కకు నెట్టింది. ముడి వచ్చింది, బుడ్డ కిందికి పడింది, పైపులో గాలి గురకపెట్టి నాలుగు తొట్లలోకీ నీళ్లు వచ్చాయి. ఆ చప్పుడులోనే, "వానికి మళ్లీ ఫోన్ సెయ్. రేపు పొద్దన్నే రమ్మను. పిల్లోడు ఎదురుసూస్తా ఉంటాడు," అంది. పేలికను పిండి, మడిచి, నడుంలో దోపుకుని ఇంట్లోకి నడిచింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడిచింది.

నిస్సీ వెనకే వెళ్లింది. వసారా దాటింది, నట్టిల్లు దాటింది. అవ్వ తన గది గుమ్మంలో ఆగి, తలుపుకు ఒక చెయ్యి ఆనించి, బరువంతా మంచి కాలి మీద వేసుకుని ఇటు తిరిగింది. లోపల సర్దిపెట్టిన సంచి, దాని మీద పెద్దక్షరాల బైబిలు కనపడుతున్నాయి. అవ్వకు చదవడం రాదు. రోజూ చదివి వినిపించేది నిస్సీనే.

"మీ నాయనకి రాదు, పోనీ," అంది అవ్వ. "నువ్వు సెప్పు మే. ఎందుకు కట్టినావు?"

కట్టడం ఎందుకో అవ్వకు తెలుసు. తెలియక అడగడం లేదు. ఆ మాట ఒకసారి ఎవరి నోటి నుంచైనా వినాలని అడుగుతోంది. అది నిస్సీకి అర్థమైంది. ఇంత బాగా ఏ పాఠమూ ఎప్పుడూ అర్థం కాలేదు. వెళ్లొద్దు అవ్వా, నాకు నువ్వు కావాలి. లోపల అంతా స్పష్టంగా, వరసగా ఉంది.  కళ్లలోకి నీళ్లు వచ్చాయి గానీ నోట్లోకి మాట రాలేదు.

అవ్వ ఎదురుచూసింది. పిల్ల సంగతి తెలిసిన మనిషి కాబట్టి మామూలు కంటే ఎక్కువసేపే ఎదురుచూసింది. బయట నాయన చిన్నాయనను రమ్మని ఫోన్‌లో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. అది విని అవ్వ కళ్లు ఒకసారి అటు వెళ్లి, మళ్లీ నిస్సీ మీదికి వచ్చాయి.

"సరేలే," అంది. "ఈ పొద్దు మీ అమ్మ దగ్గిర పండుకో."

తలుపు మెల్లగా మూసుకుంది. లోపల గడియ పడింది.